రెండు బైబిళ్లు, ఇద్దరు వియ్యంకులు

వియ్యంకుడితో వాదానికి దిగకురా అని మా అమ్మ బతికివున్న రోజుల్లో పదే పదే చెబుతుండేది. ఆ మాట సరిగ్గా ఆమె సంవత్సరీకం నాడే మరిచిపోయాను. అందువల్ల కలిగిన నష్టమూ, ఆ నష్టంలోంచి వచ్చిన లాభమూ పాఠకులతో చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా. మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో కాథలిక్కులూ వున్నారు, లూథరన్లూ వున్నారు. వీధి ఒకటే, బావి ఒకటే, చుట్టరికాలు కూడా కలుస్తాయి. ఆదివారం ఉదయం మాత్రం ఎవరి గంట మోగితే వాళ్లు అటు వెళతారు. మేము కాథలిక్కులం. మా అమ్మాయిని ఇచ్చింది లూథరన్ ఇంట. పెళ్లి ఏ చర్చిలో జరగాలన్న దగ్గర కాస్త తర్జనభర్జన జరిగిందిగాని, ఆ తరువాత ఆరేళ్లు రెండు కుటుంబాలూ పాలూ నీళ్లూ కలిసినట్టు కలిసిపోయాయి. మా వియ్యంకుడుగారు రిటైరైన హెడ్మాస్టరు. బైబిలు ఆయనకు కంఠోపాఠం. ఏ మాటయినా అధ్యాయం, వచనం అంకెలతో సహా చెప్పగలరు. నాకు ఆ శక్తి లేదు. నేను బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి.

అమ్మ సంవత్సరీకానికి మా చర్చిలో పూజ పెట్టించాను. వియ్యాలవారు అందరూ వచ్చారు. వియ్యంకుడుగారు అలవాటు ప్రకారం తన బైబిలు వెంట తెచ్చుకున్నారు. ఆనాటి మొదటి పఠనం మక్కబీయుల రెండవ గ్రంథం నుంచి. యుద్ధంలో చనిపోయిన తన సైనికుల పాపపరిహారం కోసం యూదా మక్కబీయుడనే నాయకుడు రెండువేల వెండి నాణేలు పోగుచేసి యెరూషలేము దేవాలయానికి పంపిన ఘట్టం అది. పఠనం మొదలుకాగానే ఆయన బైబిలు తెరిచారు. పాత నిబంధన చివర మలాకీ దాకా వెళ్లారు. అక్కణ్ణుంచి మత్తయిలో పడ్డారు. మళ్లీ వెనక్కు తిప్పారు. మళ్లీ ముందుకు. చివరకు పుస్తకం మూసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. లోపల అమ్మ ఫొటోకు వేసిన దండ ఇంకా వాడలేదు.

“బావగారూ, ఇందాక చదివిన పుస్తకం పేరేమిటన్నారు?” అన్నారాయన.

“మక్కబీయుల గ్రంథం. రెండవది.”

“మా బైబిల్లో లేదే!”

“మా దాంట్లో వుందండి.”

“వుంటే వుండవచ్చు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయడానికి ఆధారం కావాలని తరువాత ఎవరో చేర్చివుంటారు. దేవుడి మాటకు మనుషులు తమ మాట కలిపితే ఎలాగండీ?”

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. పాఠం చెప్పే అలవాటు, అంతే. కాని నాకు అమ్మ ఫొటో ఎదురుగా కనిపిస్తున్నది. పొద్దుటినుంచి ఆమె కోసం చేసిన ప్రార్థనంతా ఎవరో కల్పించిన కాగితం మీద నిలబడి వున్నదన్నట్టు తోచింది. ఒళ్లు మండింది.

“మేము చేర్చలేదు బావగారూ! మీ లూథరుగారే చించి పారేశారు” అన్నాను.

ఆయన మరి మాట్లాడలేదు. లేచి చెప్పులు వేసుకున్నారు. పాయసం గిన్నెలు ఎక్కడివక్కడే వుండిపోయాయి.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసింది. “నాన్నా, మామయ్యగారు ఇంటికి వచ్చినప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. నానమ్మ పోయినప్పటినుంచి నేను రోజూ పడుకునేముందు ఆమె కోసం ప్రార్థన చేసుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. ఇక ఇప్పుడు ఈ ఇంట్లో ఎలా చేసుకోను?” అని ఏడ్చింది.

మగవాళ్లు వరండాలో వేసుకున్న వాదం ఆడపిల్ల గదిలోకి వెళ్లి కూర్చుంది, చూశారా!

చదవని పుస్తకం కోసం తగాదా

మర్నాడు పొద్దున్నే మా విచారణ గురువుగారి దగ్గరకు వెళ్లాను. పెద్దాయన. జరిగింది చెప్పి, “ఆయనకు గట్టి సమాధానం చెప్పాలి, ఏదైనా ఆధారం ఇవ్వండి” అన్నాను.

“మక్కబీయుల గ్రంథం నువ్వు చదివావా నాయనా?”

“పూజలో విన్నాను.”

“చదివావా?”

లేదన్నాను. ఆయన నవ్వారు. “చదవని పుస్తకం కోసం చుట్టరికం పాడుచేసుకున్నావు. ముందు చదువు. నోరు మూయించడానికి కాదు, నోరు తెరవడానికి చదువు” అని నాలుగు పుస్తకాలు చేతిలో పెట్టారు.

నిజం చెప్పాలి గదా. మా ఇంట్లో బైబిలు అలమారులో పట్టుగుడ్డ చుట్టి భద్రంగా వుండేది. అంత భద్రంగా వున్న పుస్తకాన్ని ఎవరు చదువుతారు? మా చిన్నతనంలో అదీ లేదు. ఇంట్లో జపమాల, ఒక ప్రార్థన పుస్తకం, అంతే. పూజ లాటిన్లో జరిగేది. బైబిలులోని కథలన్నీ మాకు గురువులు ప్రసంగాల్లో చెప్పినవీ, గోడలమీది బొమ్మల్లో చూసినవీను.

అందుకు కారణం వుంది. 1229లో ఫ్రాన్సు దేశంలోని తులూజు పట్టణంలో జరిగిన సభ గృహస్థులు బైబిలు గ్రంథాలు దగ్గర వుంచుకోరాదన్నది. అక్కడ అప్పుడు మతభేదాల గొడవలు. 1564లో రోము నుంచి వచ్చిన నియమం, దేశభాషల్లో బైబిలు చదవాలంటే పెద్దల అనుమతి వుండాలన్నది. ఎవరికి వారు చదివి ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకుంటే ఇల్లు వెయ్యి ముక్కలవుతుందని పెద్దల భయం. భయానికి ఆధారం లేకపోలేదు. కాని దొంగల భయంతో తలుపులూ కిటికీలూ బిగించుకుంటే ఇంట్లోవాళ్లకు కూడా గాలి ఆడదు. ఈ సంగతి కాథలిక్ పెద్దలే తరువాత గ్రహించారు. ఆ కథ ముందు వస్తుంది.

రెండు నెలలు చదివాను. వియ్యంకుడిని ఓడిద్దామని మొదలుపెట్టినవాణ్ణి, పేజీలు తిరిగేకొద్దీ నేనే కొద్దికొద్దిగా ఓడిపోతూ వచ్చాను.

పుస్తకం కంటే ముందు సభ

బైబిలు అన్నది గ్రీకు మాటలోంచి వచ్చింది. దాని అర్థం ‘పుస్తకాలు’ అని. ఒక పుస్తకం కాదు, ఒక గ్రంథాలయం అన్నమాట. వెయ్యేళ్ల కాలంలో ఎందరో రాసినవి. లూథరన్ల బైబిలులో ఇవి 66. కాథలిక్కుల బైబిలులో 73. కొత్త నిబంధన 27 పుస్తకాలూ ఇద్దరికీ సమానం. తేడా అంతా పాత నిబంధనలోనే: వాళ్లకు 39, మాకు 46.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది కొత్త నిబంధన పుట్టుక. క్రీస్తు స్వయంగా ఒక్క పుస్తకమూ రాయలేదు. ఆయన శిష్యులు మొదట చేసింది రాయడం కాదు, చెప్పడం. నమ్మినవారు ఆదివారంనాడు ఒకచోట చేరి, రొట్టె విరిచి, విన్నది తలుచుకునేవారు. పౌలు దూరదేశాల్లోని తన సంఘాలకు జాబులు రాశాడు. వాటిలో మొదటిది క్రీ. శ. 50 ప్రాంతానిదని పండితులంటారు. ఆ జాబును ఒకడు మోసుకువెళ్లి సభలో గట్టిగా చదివేవాడు. పక్కవూరివాళ్లు నకలు రాసుకునేవాళ్లు. సువార్తలు నాలుగూ ఆ తరువాతివి. 65కూ 100కూ నడుమ రాసినవని ఎక్కువమంది అంచనా. లూకా అయితే తన గ్రంథం మొదట్లోనే, తనకు ముందు ఇంకా చాలామంది రాశారనీ, తాను అన్నీ విచారించి వరుసగా రాస్తున్నాననీ చెప్పుకున్నాడు.

అంటే, పుస్తకం సభను పుట్టించలేదు. సభ ఒడిలో పుస్తకం పుట్టింది. కాథలిక్కుల దృష్టికి మూలం ఇదే. ఆ సభను మావాళ్లు తిరుసభ అంటారు.

మరి ఈ 27 అన్న లెక్క ఎవరు కట్టారు? ఆ రోజుల్లో ఇంకా ఎన్నో గ్రంథాలు చలామణీలో వుండేవి. పేతురు పేర ఒక సువార్త, హెర్మా రాసిన ‘కాపరి’ అనే గ్రంథం, రోము నుంచి క్లెమెంటు రాసిన జాబు - వీటిలో కొన్నిటిని కొన్నిచోట్ల సభల్లో చదివేవారు కూడాను. ఇంకోవైపు, ఇవాళ మన బైబిల్లో వున్న ప్రకటన గ్రంథాన్ని కొందరు శంకించారు. వందల ఏళ్లు వడపోత జరిగింది. అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియుసు 367లో తన ఈస్టరు లేఖలో ఇచ్చిన పట్టికలో మొదటిసారిగా సరిగ్గా ఈ 27 పేర్లూ కనిపిస్తాయి.

విషయసూచిక దేవుడు రాసి పంపలేదు సుమా! ఏది దేవుని మాట, ఏది కాదు అని ప్రార్థనలో కూర్చున్న సభ తేల్చింది. అయితే తిరుసభ ముద్ర వేసినందువల్ల అవి పవిత్రమయ్యాయని కాదు. 1870లో వాటికన్ మొదటి మహాసభ ఈ సంగతి స్పష్టం చేసింది. కంసాలి గీటురాయి మీద గీసి ఇది బంగారం అంటాడు. గీసినందువల్ల అది బంగారం కాలేదు. కాని గీటురాయి లేనివాడికి ఇత్తడీ బంగారమూ ఒకటే.

ఆ ఏడు పుస్తకాలు

ఇక తగాదా తెచ్చిన ఏడు పుస్తకాల సంగతి. తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం, బారూకు. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కూడా మాకు కొన్ని భాగాలు అదనం.

క్రీస్తుకు రెండు మూడు వందల ఏళ్ల ముందు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో యూదులు చాలామంది వుండేవారు. వాళ్ల వాడుక భాష గ్రీకు. వాళ్ల కోసం హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి తెచ్చారు. డెబ్బైఇద్దరు పెద్దలు చేశారని కథ. గ్రీకులో చదివే ఆ లేఖనాలతో పాటు ఈ గ్రంథాలు కూడా వ్యాప్తిలోకి వచ్చాయి. తొలి క్రైస్తవులకు గ్రీకే వాడుక. కొత్త నిబంధన రాసినవాళ్లు పాత లేఖనాలను ఎక్కువగా ఉదహరించింది ఈ గ్రీకు పాఠం నుంచే. కాగా, యూదులు చివరకు స్థిరపరచుకున్న హెబ్రీ పట్టికలో ఈ ఏడూ లేవు. ఇదీ చిక్కు.

ఈ చిక్కులో తల దూర్చినవాడు పునీత జెరోము. 382లో రోములో పోపు దమాసు ఆయనను పిలిచి, లాటిన్ సువార్తలను సరిదిద్దమన్నారు. పోపు పోయాక జెరోము 386లో బెత్లెహేముకు వెళ్లి స్థిరపడ్డాడు. అక్కడ యూద పండితుల దగ్గర హెబ్రీ మెరుగుపరచుకుంటూ, 405 ప్రాంతం దాకా శ్రమించి పాత నిబంధనను హెబ్రీ నుంచి లాటిన్లోకి తెచ్చాడు. హెబ్రీలో లేని పుస్తకాలు ప్రమాణం కావని ఆయన అభిప్రాయం. నేను అది చదివి దిగాలుపడ్డాను. మావాడే వియ్యంకుడి పక్షం మాట్లాడుతున్నాడు గదా! అయినా బిషప్పులు అడిగితే తోబీతు గ్రంథాన్ని అనువదించి ఇచ్చాడు. ఒక్క రోజులో ముగించానని తానే రాసుకున్నాడు.

అనువాదం చేసేవాడి అవస్థలు అప్పుడూ ఇంతే. యోనా ప్రవక్తకు నీడనిచ్చిన మొక్కను పాత లాటిన్ పాఠం సొరపాదు అన్నది. మన తెలుగు బైబిలులో కూడా సొరచెట్టే. జెరోము దాన్ని ఐవీ తీగ చేశాడు. నేటి లిబియాలోని ట్రిపోలి నగరానికి ఆనాడు ఓయా అని పేరు. అక్కడి చర్చిలో ఈ కొత్త పాఠం చదివేసరికి జనం అల్లరికి లేచారు. చిన్ననాటినుంచి విన్న సొరపాదు ఏమైందని! బిషప్పుగారు పాత మాట చెప్పి బయటపడవలసి వచ్చింది. ఈ ముచ్చట పునీత అగుస్తీను జెరోముకు రాసిన ఉత్తరంలో వుంది. జనానికి బైబిలు కాగితం మీది అక్షరం కాదు, చెవిలో వున్న గొంతు అనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

అగుస్తీను ఈ ఏడు గ్రంథాల పక్షం. సభలన్నీ తరతరాలుగా చదువుతూ వచ్చినవాటిని తీసివేయరాదన్నాడు. 393లో హిప్పోలోనూ, 397లో కార్తేజిలోనూ జరిగిన సభలు వాటిని పట్టికలో చేర్చుకున్నాయి. తరువాత వెయ్యేళ్లు పశ్చిమాన వాటిని బైబిలుతోనే నకళ్లు రాశారు, బైబిలుతోనే చదివారు. చివరకు 1546 ఏప్రిల్ 8న ట్రెంటు మహాసభ ఇది ఇక మార్పులేని పట్టిక అని శాసించింది.

కాబట్టి, “తరువాత చేర్చారు” అన్న వియ్యంకుడుగారి మాట తప్పు. లూథరు పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే అవి పట్టికలో వున్నాయి. ఇంతవరకూ బాగానే వుంది. మీసం దువ్వుకోబోయాను. తరువాతి పేజీలో నా తప్పు ఎదురయింది.

లూథరుగారు చించి పారేయలేదు! 1534లో అచ్చయిన ఆయన జర్మను బైబిలులో ఈ పుస్తకాలు వున్నాయి. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ నడుమ వేరుగా పెట్టి, ఇవి లేఖనాలతో సమానం కావుగాని చదవడానికి మంచివి అన్నాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో కూడా వున్నాయి. 1826లో లండనులోని బైబిలు సొసైటీ, ఈ పుస్తకాలు కలిపి అచ్చువేసేవాటికి తమ డబ్బు ఖర్చు చేయరాదని తీర్మానించింది. అలా అవి వాళ్ల బైబిళ్లలో చాలావాటినుంచి జారిపోయాయి.

అమ్మ ఫొటో ముందు కూర్చుని, ఒక పెద్దమనిషిని నేను కాని మాట అన్నానన్నమాట.

ఎలా చదవాలి?

పట్టిక తేలినంత మాత్రాన సరిపోదు. చదవడం ఎలా అన్నది అసలు ప్రశ్న. భూమి దస్తావేజు, పెళ్లి శుభలేఖ, జోలపాట - మూడూ కాగితం మీద రాయవచ్చు. మూడింటినీ ఒకే తీరున చదువుతామా? జోలపాటలో చందమామను రమ్మన్నారని ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి పిలిచి విచారణ చేయం గదా.

1890లో యెరూషలేములో లగ్రాంజి అనే ఫ్రెంచి గురువు బైబిలు పాఠశాల స్థాపించారు. తవ్వకాలు, పాత భాషలు, చుట్టుపక్కల దేశాల కథలు - అన్నీ పరిశీలించి బైబిలు చదవాలన్నారు. అది కొందరికి నచ్చలేదు. 1912లో రోములోని అధికారులు ఆయన పుస్తకాలు గురువిద్యార్థులకు పనికిరావన్నారు. ఆయన ఎదురు తిరగలేదు, పని మానలేదు. 1938లో కన్నుమూశారు. ఐదేళ్ల తరువాత, 1943 సెప్టెంబరు 30న, అంటే పునీత జెరోము పండుగనాడు, పోపు పన్నెండవ పయసు తన లేఖలో దాదాపు ఆ మార్గమే సరైనదన్నారు. రచయిత ఏ కాలంవాడు, ఏ రకం రచన చేశాడు, ఏం చెప్పదలచాడు అని ముందు విచారించాలన్నారు. ఆలస్యంగా వచ్చినా న్యాయం న్యాయమే.

ఇక రెండవ వాటికన్ మహాసభ. 1965 నవంబరు 18న దైవవాక్కును గురించిన శాసనం ఆమోదించారు. అనుకూలంగా 2,344 ఓట్లు, వ్యతిరేకంగా 6. నేను ముందు చెప్పిన మూసిన తలుపు ఆనాడు బార్లా తెరిచారు. బైబిలు అందరికీ అందుబాటులో వుండాలనీ, ఇతర క్రైస్తవులతో కలిసి అనువాదాలు చేసుకోవచ్చుననీ అన్నారు. బోధించే పెద్దలు దైవవాక్కు కంటే ఎక్కువవారు కారు, దానికి సేవకులే అని కూడా అన్నారు.

చదివే పద్ధతి కూడా అందులో వుంది. నా మాటల్లో చెబుతాను. ముందు రచయిత ఉద్దేశమేమిటో, రచన ఏ రకమో చూడు. తరువాత మూడు సంగతులు మరిచిపోకు. ఒక వాక్యం తుంచుకుపోకుండా గ్రంథమంతా కలిపి చూడు. ఒంటరిగా కాక, నీకు ముందు తరతరాలవాళ్లు దాన్ని ఎలా నమ్మి, ఎలా ప్రార్థించి బతికారో వాళ్లతో కలిసి చదువు. విశ్వాస సత్యాలు ఒకదానికొకటి పొసిగేలా అర్థం చెప్పుకో. వాలివధ ఒక్కటే పట్టుకుని రామాయణం ఇంతే అనేవాడికి మనమేం చెబుతాం? మొత్తం చదివి రా నాయనా అంటాం. ఇదీ అంతే.

ఆరు రోజుల్లో సృష్టి జరిగిందన్న ఆదికాండాన్ని కాథలిక్కులు సైన్సు పాఠంగా చదవనక్కరలేదన్నది ఇందువల్లనే. విశ్వం విస్తరిస్తున్నదని 1927లో లెక్కలు కట్టి చూపిన లెమైత్రు బెల్జియం దేశపు కాథలిక్ గురువు. ఆయనకు పూజా పీఠానికీ, లెక్కల కాగితానికీ తగాదా రాలేదు.

ఇన్ని చదివి, ఆఖరున మక్కబీయుల రెండవ గ్రంథం తెరిచాను. దాని రచయిత తమాషా మనిషి. సిరేనె పట్టణపు యాసోను అనేవాడు అయిదు సంపుటాలుగా రాసిన చరిత్రను తాను ఒకే పుస్తకంగా కుదించానని మొదట్లోనే చెప్పుకున్నాడు. రాత్రిళ్లు నిద్ర మానుకుని చెమటోడ్చానన్నాడు. చివర్న, బాగా రాసివుంటే నేను కోరిందీ అదే, బాగాలేకపోతే నా శక్తి అంతే అన్న అర్థం వచ్చేలా ముగించాడు. దేవుడు మనుషుల చేత రాయించాడన్న మాటకు అర్థం నాకు ఆ రాత్రి తెలిసింది. కలం పట్టినవాడి చెమట కూడా ఆ పుస్తకంలోనే వుంది.

మళ్లీ వరండా

ఆదివారం సాయంత్రం బస్సెక్కి వియ్యంకుడుగారి ఇంటికి వెళ్లాను. సంచీలో నా బైబిలు వుంది. ఈసారి పట్టుగుడ్డ లేదు.

“బావగారూ, ఆ రోజు నేనన్న మాట అబద్ధం. లూథరుగారు ఏమీ చించలేదు” అని మొదలుపెట్టి, చదివినదంతా చెప్పాను. జెరోము అభిప్రాయం కూడా దాచలేదు. 1534 నాటి బైబిలు సంగతి వినగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఆ సంగతి ఆయనకూ తెలియదు.

“సరేగాని, మీ పెద్దలు ఒప్పుకుంటేనే అర్థం అంటారు. మరి చదివేవాడి మనస్సాక్షి మాటేమిటి?” అన్నారు. “మావాళ్లు బైబిలు ఇంటింటికీ ఇవ్వకపోతే మీవాళ్లు 1965లో తలుపు తెరిచేవారా?”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. లేదనే చెప్పాను. “కాని బావగారూ, ఇంటింటికీ ఇవ్వడానికి ముందు దాన్ని దాచి, నకళ్లు రాసి, ఏది ఏదో తేల్చి ఇచ్చినవాళ్లు కూడా వుండాలి గదా” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “అదీ నిజమే” అన్నారు.

అప్పుడు తోబీతు గ్రంథం తీసి ఆయన చేతికిచ్చాను. “మీరు చదవండి, మీ గొంతు బాగుంటుంది” అన్నాను. ఆయన చదివారు. అమ్మాయీ, అల్లుడూ, వదినగారూ వచ్చి కూర్చున్నారు. దిక్కులేని శవాలను పాతిపెట్టే పుణ్యాత్ముడు తోబీతు చూపు పోగొట్టుకోవడం, కొడుకు తోబియాను దూరదేశం పంపడం, మారువేషంలో దేవదూత తోడురావడం, ఏడుగురు భర్తలు పోయిన సారాను ఆ కుర్రవాడు పెళ్లాడడం - రెండు గంటలు ఎలా గడిచాయో తెలియదు.

“ఇందులో ఎక్బతానా నుంచి రాగేసుకు రెండు రోజుల ప్రయాణం అన్నాడు. నిజంగా ఎంత దూరం?” అన్నారు హెడ్మాస్టరుగారు.

“మూడువందల కిలోమీటర్ల దాకా వుంటుందట. అలెగ్జాండరు సైన్యానికే పదకొండు రోజులు పట్టింది.”

“మరి తప్పు గదా?”

“చరిత్ర పాఠంగా చదివితే తప్పే. కాథలిక్ పండితులు చాలామంది దీన్ని నీతికథ అంటారు. తప్పిపోయిన కుమారుడి కథ ఏ వూళ్లో జరిగిందని మనం అడుగుతామా? అయినా అది నిజం కాదా?”

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి రెండు నెలలయింది.

ఇంకో సంగతి చెప్పాను. ఈ కథను ఎన్నో తరాల క్రితమే పింగళి ఎల్లనార్యుడు అనే కవి ‘తోభ్య చరిత్రము’ అని తెలుగు కావ్యం చేశాడు. సర్వేశ్వర మహాత్మ్యము అని దానికే ఇంకో పేరు. కొన్ని బైబిళ్లలో చోటు దొరకని తోబీతుకు తెలుగు సాహిత్యంలో మాత్రం పీట వేశారు. మృతసముద్రం ఒడ్డున 1947 తరువాత గుహల్లో దొరికిన చుట్టల్లో కూడా ఈ పుస్తకం ముక్కలు అరమాయికులోనూ హెబ్రీలోనూ బయటపడ్డాయి.

“మంచి పుస్తకమే. కాని మా లెక్కలో లేఖనం కాదు” అన్నారు చివరకు.

“లూథరుగారూ సరిగ్గా అదే అన్నారు” అన్నాను.

మా అభిప్రాయాలు కలవలేదు. కలవాలని నేను వెళ్లలేదు కూడా. బయల్దేరబోతుంటే ఆయన కోడలిని పిలిచారు. “అమ్మాయీ, మీ నానమ్మ కోసం నువ్వు చేసుకునే ప్రార్థన మానకు. నా పద్ధతిలో నేను ఆమె కోసం దేవుడికి కృతజ్ఞత చెబుతాను. ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడి తిన్నవాణ్ణి” అన్నారు. అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నేను అటు తిరిగి చెప్పులు వెతుక్కున్నాను.

ఇప్పుడు వాళ్ల ఇంట్లో అలమారు మీద రెండు బైబిళ్లు పక్కపక్కన వుంటాయి. ఒకదాని మీద పరిశుద్ధ గ్రంథము అని, రెండోదాని మీద పవిత్ర గ్రంథము అని. నెలకొక ఆదివారం ఇద్దరం కలిసి చదువుతున్నాం. ఆయన దగ్గర నేను చదవడం నేర్చుకున్నాను. ఒంటరిగా చదవకపోవడం తాను నా దగ్గర నేర్చుకున్నానంటారాయన.

మొన్న మా నాలుగేళ్ల మనవడు పెద్ద సమస్య తెచ్చాడు. తోబియా ప్రయాణమైనప్పుడు వెంట ఒక కుక్క కూడా వెళుతుంది. వాడికి దేవదూతకంటే ఆ కుక్క మీదే మనసు. “తాతయ్యా, కుక్క పేరేమిటి?” అన్నాడు. తాతలిద్దరం కళ్లజోళ్లు సవరించుకుని పుస్తకమంతా వెతికాం.

ఆ ఒక్క సంగతీ ఏ బైబిల్లోనూ లేదు.